ట్రంకుపెట్టెలోని పొత్తిళ్లు

అది తొంభైల మొదట్లో మాట. రాయచూరు టౌనులో ఒక పిల్లల నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుగా పనిచేసేదాన్ని. ఎవరిదో పాతకాలపు ఇల్లు, దాన్నే ఆస్పత్రిగా మార్చారు. ఎత్తు గోడలు, రంగు అద్దాల కిటికీలు, ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేది. వెనక గదిని మేం నీలం గది అనేవాళ్లం. కామెర్లొచ్చిన పసిపిల్లల్ని అక్కడ నీలం ట్యూబులైట్ల కింద, కళ్లకు గంతలు కట్టి, గోచీ మాత్రం ఉంచి పడుకోబెట్టేవాళ్లం. దాన్ని ఫోటోథెరపీ అంటారు. మధ్యాహ్నం పూట ఆ గదిలో కూర్చుంటే ఏ నీళ్ల అడుగునో కూర్చున్నట్టుండేది. నాకసలే పగటికలల జబ్బు. "సిస్టర్, ఎక్కడున్నారు?" అని డాక్టర్‌గారు గుమ్మంలో నిలబడి అడిగితే, "ఈడ్నే ఉన్న సార్" అని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆయన కన్నడాయన, కానీ తెలుగు చక్కగా మాట్లాడేవారు.

పసిపిల్లల కామెర్లంటే జనం హడలిపోతారు గానీ, చాలామందికి అది వచ్చి పోయేదే. ఒంట్లో ఎర్రకణాలు విరిగినప్పుడల్లా బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. పెద్దవాళ్ల లివర్ దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ లివర్‌కి ఆ పని ఇంకా చేతకాదు. నీలం వెలుగు పడితే ఆ పసుపు తేలిగ్గా బయటికి పోయే రూపంలోకి మారుతుంది. నాలుగు రోజులు వెలుగులో ఉంచి, తల్లి పాలు బాగా పట్టిస్తే ఇంటికి పంపేయొచ్చు. కానీ ఒక్కోసారి ఆ పసుపు హద్దు దాటి మెదడుకెక్కుతుంది. అప్పుడిక బిడ్డ బతికినా వినడు, నడవడు. అందుకే ఆ గదిలో నేనెన్ని కలలు కన్నా, కళ్లు మాత్రం పిల్లల ఒంటి రంగు మీదే ఉండేవి.

పద్మ కొడుకు మా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి పుట్టిన కొద్దిరోజులకు, మామూలు కామెర్లతో. వెలుగులో ఉంచాం, తగ్గింది, పంపేశాం. పద్మ భర్త శ్రీనివాసరావు శక్తినగర్ పవర్ స్టేషన్లో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్స్‌లో కాపురం. ఇద్దరివీ కాలువ కింద వరి పండించే ఆంధ్రా కుటుంబాలే. పద్మ పుట్టిల్లు మాన్వి వైపు ఒక క్యాంపులో; కాలువ నీళ్ల కోసం వలసొచ్చిన ఆంధ్రావాళ్ల ఊళ్లను అక్కడ అలాగే అంటారు. క్యాంపులో డాక్టరు అందుబాటులో ఉండడని పురుడు ఇక్కడే పోసుకున్నారు. నాట్ల కాలం కావడంతో పద్మ తల్లి రాఘవమ్మ వెంటనే రాలేకపోయింది. బిడ్డ ఇంటికి చేరాక, ఒక ట్రంకుపెట్టె వెంటబెట్టుకుని బస్సులు మారి మారి శక్తినగర్ వచ్చిందట.

రెండోసారి వచ్చినప్పుడు ఆ బిడ్డ గోళ్లదాకా పచ్చగా ఉన్నాడు. పసుపు కొమ్ముకి ఆ రంగు అందం గానీ పసివాడి కాలి గోళ్లకి కాదు. పైగా పెదవులు పాలిపోయి ఉన్నాయి. గోచీ విప్పితే మూత్రం చాయ్ డికాషన్ రంగులో ఉంది. మామూలు కామెర్లలో అలా ఉండదు. ఏడవాల్సినవాడు ఏడవకుండా నిద్రపోతూనే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి గిట్లున్నడు?" అని అడిగాను.

పద్మ కొంగు ముందుకు లాక్కుంది. జాకెట్టు ముందంతా తడిసిపోయి ఉంది. పక్కనే ఉన్న రాఘవమ్మ చేతిలో పాలసీసా. పొడుగ్గా, సన్నగా, నుదుట పెద్ద బొట్టుతో ఉండే మనిషి. "నేనొచ్చిన రెండో రోజు నుంచే పచ్చబడతన్నాడమ్మా. పాలు మానిపించేశాను. డబ్బాపాలు పడతన్నాం. అయినా తగ్గట్లేదు" అంది.

"అయ్యో, తల్లి పాలెందుకు బంద్ జేసినవ్ పెద్దమ్మా?"

"మా పాలు మంచియి కాదమ్మా" అంది ఆమె. తనకో చెయ్యి లేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. "పాలు మంచియి కాకపోవుడేంది? గా సీసా ఇటియ్యి. తల్లికేమో పాలు గడ్డకట్టి పానం పోతుంటే, పోరనికి డబ్బాపాలా!" అన్నాను. ఆమె సీసా ఇవ్వలేదు. కూతురి ముందు గోడలా నిలబడింది. పద్మ తల్లి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. తల్లి మాట కాదనే రకం కాదు ఆ పిల్ల.

బిడ్డను లైట్ల కింద పడుకోబెట్టాం. రక్తం చుక్క అద్దం పలక మీద పూసి మైక్రోస్కోప్ కింద చూశారు డాక్టర్‌గారు. చాలాసేపు చూశారు. తర్వాత శ్రీనివాసరావుని, రాఘవమ్మను పిలిచి కూర్చోబెట్టారు.

"ఇది లివర్ చేతకానితనం కాదు. బిడ్డ రక్తమే విరిగిపోతోంది. కణాలు కొరికినట్టున్నాయి. కొంతమంది రక్తంలో ఒక ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, జి-సిక్స్-పీడీ అంటారు. మామూలుగా వాళ్లకేం కాదు. కానీ కొన్ని మందులు, కొన్ని విషాలు తగిలితే మాత్రం రక్తం నిలబడదు. ఇదీ అదే అని నా అనుమానం. శాంపిల్ హైదరాబాద్ పంపుతాను. అది వచ్చేదాకా ఆగలేం. ఏం తగిలిందో మీరు చెప్పాలి. మలేరియా మాత్రలు వేశారా? తల్లి ఏమైనా మింగిందా? నాటుమందు? పసరు?"

"ఏవీ లేదు బాబూ" అంది రాఘవమ్మ. "నువ్వుల నూనె రాసి నీళ్లు పోస్తాను. అంతే. ఆవదం చుక్క కూడా నాలిక్కి రాయలేదు."

శ్రీనివాసరావు గొంతు సవరించుకున్నాడు. "మా ప్లాంటు బూడిద వల్లేమన్నా అయ్యిందా సార్? కిటికీలో రోజూ పడుద్ది."

"మీ క్వార్టర్స్ నుంచి నెలకెంతమంది పసిపిల్లల్ని చూస్తాను నేను! వాళ్లెవరికీ ఇలా లేదు" అన్నారు డాక్టర్‌గారు. "ఇంట్లోనే ఏదో ఉంది. ఆలోచించండి. ఈ లోపల రక్తం ఎక్కించాల్సి వస్తుంది. పసుపు ఇంకా పెరిగితే రక్తమంతా మార్చాలి, అది ఇక్కడ నా వల్ల కాదు. హైదరాబాద్ తీసుకెళ్లాలి. దారిలో ఏమైనా కావచ్చు."

వెలుగులో ఉన్నంతసేపూ వాడికి కాస్త నయంగానే ఉండేది. మర్నాడు ఉదయానికి రంగు కొంచెం దిగినట్టే కనిపించింది. సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది. తగ్గాల్సింది ఎందుకు తగ్గదో, తగ్గింది మళ్లీ ఎందుకు పెరుగుతుందో మాకు అంతుపట్టలేదు. డాక్టర్‌గారు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. శ్రీనివాసరావు వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. రాఘవమ్మ మాత్రం నీలం గది గుమ్మంలోనే, ఒళ్లో తెల్ల మూట పెట్టుకుని కూర్చుని ఉండేది. బిడ్డను పాలకోసమో, ఒళ్లు తుడవడానికో లైటు కిందనుంచి తీసినప్పుడల్లా, ఆ మూటలోంచి ఒక మెత్తటి గుడ్డ తీసి తనే చుట్టబెట్టేది. పసివాడికి కొత్త గుడ్డ తగలకూడదు కదా, ఉయ్యాల వేసేదాకా పాత బట్టలే పొత్తిళ్లు. మా ఇళ్లలోనూ అంతే. ఆస్పత్రి గుడ్డ గరుగ్గా ఉంటుందని ఆమె ముట్టుకోనివ్వలేదు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ సాయంత్రం ఆకాశం మసకేసి ఉంది. రంగు అద్దాల్లోంచి పడే వెలుగు, ట్యూబులైట్ల నీలం కలిసిపోయి గదంతా ఊదారంగులో తేలుతున్నట్టుంది. బిడ్డను ఎత్తుకుని పాలు పడుతున్నాను. తల్లి పాలే. ఎలాగంటారా? రాఘవమ్మ కాఫీకి వెళ్లినప్పుడు పద్మ చేత గిన్నెలోకి పిండించి తెచ్చాను. దూదితో చుక్క చుక్కగా నోట్లో వేస్తున్నాను. వాడు నిద్రలోనే చప్పరిస్తున్నాడు. రాఘవమ్మ వదిలి వెళ్లిన మూటలోంచి నేనే తీసి చుట్టిన పొత్తిలి గుడ్డ నా బుగ్గకు తగిలింది. ఎన్నేళ్ల నాటి నేతచీరో, వెన్నలా ఉంది.

దాన్నుంచి ఒక వాసన వచ్చింది. ఆ వాసన రాగానే నేను ఆ గదిలో లేను. మా తాత ఇంట్లో ఉన్నాను. దసరా ముందు రోజు. తాత పెద్ద సందూక్ మూత ఎత్తుతున్నాడు. లోపల ఆయన నల్ల షేర్వాణీ, అవ్వ పట్టుచీర, మడతల మధ్య తెల్లటి గోలీలు. నేను సందూక్ లోపలికి తల పెట్టి ఊపిరంతా పీలుస్తున్నాను. "ఏయ్ పిల్లా, సందూక్ల పడ్తవ్!" అని తాత నవ్వుతున్నాడు. పండగంటే నాకు పిండివంటల వాసన కాదు, ఆ వాసనే. ఇప్పటికీ అంతే. కళ్లు మూసుకుని ఆ గుడ్డలో ముఖం పెట్టేశాను.

"ఏం సిస్టర్, మళ్లీ ఎక్కడికి వెళ్లారు?" డాక్టర్‌గారు గుమ్మంలో ఉన్నారు.

సిగ్గేసింది. "ఏం లేదు సార్. మంచి వాసనొస్తుంది. మా తాత సందూక్ యాదికొచ్చింది."

"ఏం వాసన?"

"డాంబర్ గోలీలు సార్. బట్టలల్ల పెడ్తరు గదా, పురుగు పట్టకుండ."

ఆయన ముఖం ఒక్కసారి మారిపోయింది. గబగబా వచ్చి నా చేతుల్లోని బిడ్డ మీద వంగి గుడ్డ వాసన చూశారు. ఇంకోసారి చూశారు. "విప్పెయ్! ముందది విప్పెయ్!" అని అరిచారు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. నన్ను 'నువ్వు' అనడం కూడా.

గుడ్డ లాగి అవతల పారేశాను. సబ్బు, గోరువెచ్చని నీళ్లతో బిడ్డ ఒళ్లంతా తుడిచి, ఉడకబెట్టి ఆరేసిన ఆస్పత్రి గుడ్డ చుట్టాను. ఆ గరుకు గుడ్డే! అప్పుడే వచ్చిన రాఘవమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఏవైంది? ఆ బట్ట ఎందుకు పారేశారు?" అంటోంది. ఆమెకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు. డాక్టర్‌గారు మూట మొత్తం వరండాలోకి విసిరేయించారు. శ్రీనివాసరావుని పిలిచి, బిడ్డ గ్రూపు రక్తం కావాలన్నారు. అతను ప్లాంటుకి ఫోన్ చేశాడు. షిఫ్టు దిగిన మనుషులు ఇళ్లకు కూడా పోకుండా, బూట్ల మీద బూడిదతోనే, కంపెనీ బస్సులో మా దగ్గరికి వచ్చేశారు. వాళ్లలో ఒకాయన రక్తం సరిపోయింది.

తర్వాత చేయగలిగిందల్లా కనిపెట్టుకుని ఉండటమే. సన్నటి గొట్టంలోంచి ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. నీలం వెలుగులో అవి నల్లగా కనిపించేవి. బిడ్డ పెదవులనే చూస్తూ కూర్చున్నాను. పసుపు పెరిగితే హైదరాబాద్ ప్రయాణం, పెరగకపోతే గండం గడిచినట్టు. నేను పెద్దగా పూజలు చేసే మనిషిని కాను గానీ, ఆ వేళ నాకు తెలిసిన దేవుళ్లందరినీ, దర్గాలో ఉన్నాయనతో సహా, పేరుపేరునా పిలిచాను.

మర్నాడు పసుపు పెరగలేదు. ఆ మర్నాడు దిగింది. ఈసారి సాయంత్రమైనా మళ్లీ పెరగలేదు. గోచీ విప్పితే మూత్రం నీళ్లలా ఉంది. దాన్ని చూసి నేను ఏడ్చేశానంటే మీరు నవ్వుతారు. నవ్వండి. వాడు కూడా ఆ పూటే మొదటిసారి గుక్కపెట్టి ఏడ్చాడు. ఏ పాటా నాకంత హాయిగా వినిపించలేదు.

అప్పుడు డాక్టర్‌గారు అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. రాఘవమ్మ పెట్టెలో పాత చీరల మధ్య వేసుకున్న తెల్ల ఉండలు, మా డాంబర్ గోలీలే, నాఫ్తలీన్. గుడ్డల్లోంచి ఆవిరిగా ఊపిరిలోకి వెళుతుంది, చర్మంలోంచి కూడా వెళుతుంది. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా. ఒంట్లోకి పోయాక అది అదే రూపంలో ఉండదు. లివర్ దాన్ని మరో పదార్థంగా మారుస్తుంది. అసలు ప్రమాదం ఆ మారినదాంతోనే. అది ఎర్రకణాల మీద పడుతుంది. ఎంజైమ్ సరిగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. అది తక్కువైన బిడ్డ తట్టుకోలేడు.

"అంటే తుప్పు పట్టినట్టా సార్?" అన్నాడు శ్రీనివాసరావు. "బాయిలర్ గొట్టాలు తుప్పు పట్టకుండా మేం నీళ్లలో మందు కలుపుతాం. ఆ మందు తక్కువైతే గొట్టం పైకి బాగానే ఉంటది, లోపల తినేసుద్ది."

"అదే. మీవాడికి ఆ మందు పుట్టుకతోనే తక్కువ. ఎవరి తప్పూ కాదు. తల్లి వైపు నుంచి దిగుతుంది. ఆడవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు, మగపిల్లల్లోనే బయటపడుతుంది."

రాఘవమ్మ అంతవరకూ గోడకానుకుని వింటోంది. ఆ చివరి మాటకు తలెత్తింది. మెల్లగా లేచి నీలం గదిలోకి వెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లాను.

బిడ్డ పక్కన నిలబడి ఉంది. ముట్టుకోవడం లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నాకు ముందొక మగపిల్లాడమ్మా" అంది. "క్యాంపులో కొత్తగా గుడిసె వేసుకున్న రోజులు. కాలవ చెమ్మ, పురుగు. మా అమ్మ ఇచ్చిన చీరలు పెట్టెలో పెట్టి కలరా ఉండలు వేసేదాన్ని. ఆ చీరలే చింపి పొత్తిళ్లు చేశాను. పిల్లాడు పచ్చబడిపోయాడు. పేరు కూడా పెట్టలేదు."

నేను బిడ్డ కళ్ల గంత సరిచేసి ఆమె పక్కకొచ్చాను.

"మా అత్త నా పాలు విషమంది. ఊరంతా అంది. పద్మ పుట్టగానే రొమ్ములు గట్టిగా కట్టేసుకున్నాను, పాలు పడకుండా. ఆ చీర ముక్కలతోనే కట్టుకున్నాను. గేదెపాలు పోసి పెంచాను. అది బతికింది. చూశావా, మరి పాలే కదా అనుకున్నాను. పాతికేళ్లు అదే అనుకున్నాను."

ఆమె నా వైపు తిరిగింది. ఏం అడగబోతోందో నాకు తెలిసిపోయింది. ఆ పిల్లాడిని చంపింది నా చేతులేనా అని. ఆ ప్రశ్న ఆమె నోట్లోంచి రాకముందే చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"పెద్దమ్మా, నీ కొడుక్కి ఏమైందో నాకు తెల్వదు. ఆ పోరని రక్తం ఎవరు చూసిన్రు? డాక్టర్ సాబ్‌కి గూడ తెల్వదు. తెల్వనిది నేను చెప్ప. ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఒట్టేసి చెప్త విను. నీ పాలు విషం కాదు. ఎన్నడు గాదు. మొన్న నీకు తెల్వకుండ నీ మన్మనికి నీ బిడ్డ పాలే పట్టిన. ఆ పాలు తాగే బతికిండు."

ఆమె నా చేతులు గట్టిగా పట్టుకుంది. "కాదా?" అంది. "నా పాలు కాదా?"

"కాదు."

ఆమె అక్కడే, నీలం వెలుగులో, నేల మీద కూలబడి ఏడ్చింది. పాతికేళ్ల ఏడుపు. ఎందుకు ఏడ్చిందో, పోయిన కొడుకు కోసమో, కూతురికి తాగనివ్వని పాల కోసమో, రెండింటికీనో, నేనడగలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, గుమ్మం వైపు చూసి కేకేసింది.

"పద్మా! ఏవే పద్మా! రాయే. పిల్లాడు లేచాడు. రొమ్మియ్యి వాడికి."

హైదరాబాద్ నుంచి రిపోర్టు తర్వాత వచ్చింది. డాక్టర్‌గారి అనుమానమే నిజం. ఏయే మందులు ఆ బిడ్డకు ఎప్పుడూ ఇవ్వకూడదో చెప్పి పంపించాం. ఉయ్యాలకు నన్ను శక్తినగర్ పిలిచారు. కంపెనీ బస్సులోనే వెళ్లాను. కిటికీలోంచి చూస్తే కృష్ణ మీద మంచు, దానిపైన పొగగొట్టాలు మబ్బుల్లోకి దారి చేసుకుని పోతున్నట్టున్నాయి. క్వార్టర్ పెరట్లో తాడు మీద పొత్తిళ్లు ఆరేసి ఉన్నాయి. శ్రీనివాసరావు పాత డ్యూటీ చొక్కాలు ఉతికి ఉతికి మెత్తబడినవి, జేబులూ గుండీలూ విప్పేసి కోసిన ముక్కలు. రాఘవమ్మ ఒకటి తీసుకొచ్చి నా ముక్కు కింద పెట్టింది. "చూడు నర్సమ్మా, చూడు" అంది, పరీక్ష రాసిన పిల్లలా. సబ్బు వాసన, ఎండ వాసన వచ్చాయి. పెట్టె ఏం చేశావని అడిగితే, కడిగి ఎండబెట్టి విత్తనాలు పోసుకున్నానని చెప్పింది.

మందేమైనా ఇచ్చారా అని మేం అడిగాం. ఆమె లేదంది. అది నిజమే. పొత్తిళ్లను మందని ఎవరనుకుంటారు? అప్పట్నుంచి నేను అడగడం మార్చుకున్నాను. బిడ్డను ఇంటికి పంపేటప్పుడు ఏం మందులు వేస్తారని కాదు, రోజంతా ఏమేం చేస్తారో చెప్పమంటాను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి, నూనె, నీళ్లు, సాంబ్రాణి, బట్ట, అన్నీ. ముసలివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల నోటే వింటాను. పాలు మంచివి కావని ఎవరైనా అంటే ఇప్పుడు కోప్పడను. ఎవరన్నారమ్మా నీకు ఆ మాట అని అడుగుతాను. మూట విప్పించి ఒక్కో గుడ్డనూ ముక్కు దగ్గర పెట్టుకుంటాను. చూసేవాళ్లకు పిచ్చిదానిలా కనబడతాను కాబోలు. ఎండ వాసన వస్తే బిడ్డను చుట్టి ఇస్తాను. తాత సందూక్ వాసన వస్తే, అది నాకెంత ఇష్టమైనా, మూట కట్టి వెనక్కి ఇచ్చేస్తాను.